క్లచ్ మీద కాలు తియ్యరా!

మార్చి నెలలో గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు పోతూ కారు అద్దం దించారనుకోండి, పది నిమిషాల్లో తుమ్ము ఖాయం. ఎదురొచ్చేవన్నీ మిర్చి బళ్లే. ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు... టిక్కీల మీద టిక్కీలు కట్టుకుని గుంటూరు యార్డుకి పోతుంటాయి. నేను తుమ్ముతుంటే పక్క సీట్లో నాన్న నింపాదిగా, "అద్దం ఎత్తమాక, గాలి బాగుంది" అంటాడు. ఇరవై ఆరేళ్లు లారీ తోలిన మనిషి. గుంటూరు మిరపకాయలు, పేట పత్తి బేళ్లు మద్రాసుకీ బొంబాయికీ మోశాడు. ఆ ముక్కుకి మిర్చి ఘాటు ఎక్కదు. ఇంకో వాసన మాత్రం అందరికంటే ముందు తగులుతుంది. ఆ సంగతే చెప్పబోతున్నా.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. చదివింది మాత్రం మెకానికల్ ఇంజినీరింగ్. నవ్వకండి, మా బ్యాచ్‌లో సగం మందిది ఇదే కథ. పరీక్షలో క్లచ్ మీద పెద్ద ప్రశ్న వస్తే యూనిఫామ్ ప్రెషర్, యూనిఫామ్ వేర్ అని రెండు సిద్ధాంతాలూ రాసి, బొమ్మ వేసి, లెక్క తేల్చి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అసలు క్లచ్ ప్లేటుని చేత్తో పట్టుకున్నది మాత్రం మొన్న మార్చిలోనే.

కారు నాన్నది. పద్నాలుగేళ్ల చిన్న పెట్రోలు బండి. ఎడమ మోకాలు నొప్పి ఎక్కువై ఆయన స్టీరింగ్ వదిలేశాక రెండేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. డాక్టరు వయసు వల్ల అరుగుదల అన్నాడు. నాన్న లెక్క వేరు. "మనిషికి ఇన్ని క్లచ్‌లని రాసిపెట్టి ఉంటదిరా, నా వాటా అయిపోయింది" అంటాడు. పాత లారీల్లో క్లచ్ తొక్కాలంటే సీట్లోంచి సగం లేవాల్సి వచ్చేదట.

ఆ శనివారం మా ప్రయాణం బాబాయి ఊరికి. పర్చూరు దాటి ఇంకొల్లు వైపు పోతే వస్తుంది. మా తాతకి అది గుంటూరు జిల్లా. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022లో మళ్లీ విడగొట్టినప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి పోయింది. బాబాయి ఇవేవీ పట్టించుకోడు. "మాది ఒంగోలు జిల్లా" అంటాడు, అంతే. మూడెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేశాడు. రెండో కోత కాయ కల్లంలో ఆరుతోంది. "వచ్చేటప్పుడు పట్నంబజార్లో నాలుగు పట్టాలు తీసుకురండి. నా దగ్గరున్నయ్యి చిరిగినయ్యి. తొందరేం లేదులే, సాయంత్రానికి వస్తే చాలు" అన్నాడు ఫోన్లో. టార్పాలిన్ పట్టాలు నాలుగు కొని డిక్కీలో పడేశాం.

తొందరేం లేదన్నాడు కదా అని నేనొక తెలివైన పని చేశాను. యడ్లపాడు దగ్గరికొచ్చేసరికి కుడిపక్కన కొండవీడు కొండలు కనపడ్డాయి. చిన్నప్పటి నుంచీ బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప ఎక్కింది లేదు. "పైదాకా ఘాట్ రోడ్డు వేశారంట కదా, ఎక్కి దిగుదాం నాన్నా" అన్నాను. నాన్న ఆకాశం వంక ఓసారి చూశాడు. "ముందు ఊరికి పోయి, వచ్చేటప్పుడు చూద్దాంలేరా" అన్నాడు. నేను అప్పటికే ఇండికేటర్ వేసేశాను.

కొండవీడు చూడాల్సిందే, అందులో అనుమానం లేదు. రెడ్డిరాజులు మొదట అద్దంకి నుంచి ఏలారు, తర్వాత రాజధానిని ఇక్కడికి మార్చారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దీన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. పైన చెరువులు, కూలిన బురుజులు, కోటగోడలు. అక్కడి నుంచి చూస్తే కింద పత్తి చేలు, మిరప చేలు, మధ్యలో అక్కడక్కడా ఎర్ర దుప్పటి పరిచినట్టు కల్లాలు. అద్దంకి వదిలి ఈ కొండెక్కిన రాజులకి ఈ బల్లపరుపు నేల మీద ఎవడొస్తున్నా ముందే కనపడి ఉంటాడు.

నాకు మాత్రం రాబోయేది కనపడలేదు. ఎక్కేటప్పుడు ఒక మలుపులో పైనుంచి దిగే బస్సూ, కింద నుంచి ఎక్కే కార్లూ ఎదురుపడి ఇరుక్కుపోయాయి. ఏటవాలు రోడ్డు. అడుగు కదలడం, ఆగడం. నేను హైదరాబాద్ అలవాటు కొద్దీ బ్రేకు తొక్కకుండా, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా, హాఫ్ క్లచ్ మీద బండిని అలాగే నిలబెట్టాను. క్లచ్ సగం వదిలి, కాస్త ఎక్సలేటర్ ఇస్తే బండి ముందుకీ పోదు, వెనక్కీ జారదు. ఫ్లైఓవర్ల మీద అందరూ చేసేదే. చూసేవాళ్లకి భలే నేర్పుగా కూడా అనిపిస్తుంది.

"హ్యాండ్‌బ్రేక్ వెయ్యి" అన్నాడు నాన్న.

"కదుల్తోంది నాన్నా, పర్లేదు."

రెండు నిమిషాలాగి, "క్లచ్ మీద కాలు తియ్యరా" అన్నాడు.

ఇంకో రెండు నిమిషాలకి ఏమీ అనకుండా తన పక్క అద్దం పూర్తిగా దించి ముక్కు బయటపెట్టాడు. అప్పుడు నాకూ తగిలింది. కాలిన అట్ట, మాడిన వెంట్రుకలు కలిపితే వచ్చే వాసన. ముందున్న బస్సుదేమో అనుకున్నాను. మనిషికి తన బండి వాసన ఎప్పుడూ పక్కబండిదిగానే తోస్తుంది.

కోట చూసి దిగి, హైవే ఎక్కుతుండగా బాబాయి ఫోను. "ఎక్కడున్నారు? ఒంగోలు వైపు మబ్బు పట్టింది. పట్టాలు తెచ్చారా?" గొంతులో తొందర లేదన్నట్టే మాట్లాడుతున్నాడు, కానీ ఉంది.

నేను ఎక్సలేటర్ తొక్కాను. ఇంజను ఒక్కసారిగా అరిచింది. బండి మాత్రం అరవై దగ్గరే ఉంది. ఇంకా తొక్కాను. అరుపు పెరిగింది, ముల్లు అరవై దాటలేదు. మళ్లీ అదే వాసన.

హైదరాబాద్‌లో నా ఉద్యోగమే ఇది. సర్వరు ఒత్తుకుంటోంది, పని మాత్రం బయటికి రావడం లేదంటే మధ్యలో ఎక్కడ జారిపోతోందో పట్టుకోవడం. కానీ హైవే మీద ఆ తెలివి రాదు. పెట్రోల్లో నీళ్లు కలిశాయా, గేర్ బాక్స్ పోయిందా అని ఏవేవో అనుకుంటున్నాను. నాన్న పక్కకి ఆపమన్నాడు. ఒక చింతచెట్టు కింద, ముందు ఎవరూ లేనిచోట ఆపాను.

"హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగు. బ్రేకు మీద కాలుంచు. ఇప్పుడు నాలుగో గేరు వెయ్. కాస్త రేజ్ చేసి, క్లచ్ మెల్లగా మొత్తం వదిలెయ్."

వదిలాను. మామూలుగా అయితే ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోవాలి. నాలుగో గేర్లో నిలబడ్డ బండిని లాగలేక చచ్చిపోవాలి. మాది హాయిగా తిరుగుతూనే ఉంది.

"చాలు, తొక్కెయ్. ఇంకోసారి చెయ్యమాక, ఉన్న నాలుగు పోగులూ కాల్తాయి. క్లచ్ జారుతోంది."

మీ బండి మీద అనుమానముంటే ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు. రెండోసారి చేస్తే పరీక్షే జబ్బవుతుంది. ఇంతకీ లోపల జరిగేది కష్టమైనదేం కాదు. రెండు అరచేతుల మధ్య ఒక అట్టముక్క పెట్టి గట్టిగా నొక్కండి. అరచేతులు ఇంజనువి, ఎప్పుడూ తిరుగుతుంటాయి. అట్టముక్క చక్రాల తరఫుది. అదే క్లచ్ ప్లేటు. గట్టిగా నొక్కితే చేతులతో పాటు అదీ తిరుగుతుంది. మనం పెడల్ తొక్కితే చేతులు విడిపోతాయి, అట్ట వదులవుతుంది, గేరు మార్చుకోవచ్చు. హాఫ్ క్లచ్ అంటే అటు పట్టీ పట్టక, ఇటు వదిలీ వదలక, అరచేతుల మధ్య అట్ట రాసుకుంటూ ఉండటం. ఎంత రాసుకుంటే అంత వేడి, అంత అరుగుదల. పరీక్షలో నేను రాసిన యూనిఫామ్ వేర్ సిద్ధాంతం ఇదే. సున్నా సున్నా తేడా లేకుండా లెక్క కట్టాను ఆ రోజు.

మెల్లగా నడుపుకుంటూ చిలకలూరిపేట చేరాం. నాన్నకి లారీ రోజుల నాటి షెడ్డు ఒకటి తెలుసు. షెడ్డు సాయిబుగారికి డెబ్బై దాటి ఉంటాయి. నాన్నని చూసి, "ఏందయ్యా, పండగలకి కూడా కనపడవు, బండి చెడితేనే గుర్తొస్తానా?" అన్నారు. నేను జరిగింది మొదలుపెట్టి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, తలుపు తీసి, కింద కూర్చుని, పెడల్‌ని కాలితో కాదు, చేత్తో నొక్కి చూశారు.

"ఊగట్లేదు" అన్నారు.

క్లచ్ పెడల్‌ని వేలితో నొక్కితే మొదట కొంచెం దూరం బరువు లేకుండా ఊరికే కదలాలి. దాన్నే ఫ్రీ ప్లే అంటారు. కేబుల్ క్లచ్ ఉన్న చిన్నబళ్లకి సుమారు పదిహేను, ఇరవై మిల్లీమీటర్లు ఉంటుంది, ఒక్కో బండికి ఒక్కో కొలత. ప్లేటు అరిగేకొద్దీ ఆ వదులు తగ్గిపోతూ వస్తుంది. పూర్తిగా పోతే మనం కాలు పెట్టకపోయినా కేబులే క్లచ్‌ని కాస్త తొక్కిపట్టి ఉంచుతుంది. ఇంక అది జారక ఏం చేస్తుంది? నా బండికి వదులు సున్నా.

సాయిబుగారు ఇంకో రెండు పరీక్షలు చేశారు. ఇంజను ఆన్‌లో ఉంచి, న్యూట్రల్లో పెట్టి పెడల్ తొక్కారు. గరగరమని చిన్న చప్పుడు. వదిలితే పోయింది. "తొక్కితే అరిస్తే రిలీజ్ బేరింగు. వదిలితే అరిచి, తొక్కితే ఆగిపోతే అది గేర్ బాక్స్ బేరింగు. నీది మొదటిది. ఖర్చు తగ్గింది, సంతోషించు" అన్నారు. తర్వాత పెడల్ మొత్తం తొక్కి, కాసేపాగి రివర్స్ వేశారు. కరకరలాడకుండా పడింది. అంటే తొక్కినప్పుడు విడిపోవడంలో తేడా లేదు, వదిలినప్పుడు పట్టడంలోనే ఉంది. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ తగ్గిందా, గాలి పట్టిందా అని ఇంకో దారిలో వెతకాలట. పెడల్ మెత్తగా లోపలికి పోయి, రెండు మూడు సార్లు పంపు కొడితే గట్టిపడిందంటే గాలి పట్టినట్టే. మాది కేబులు కాబట్టి ఆ బాధ లేదు.

"గేర్ బాక్స్ దించాలి. ప్లేటు అయిపోయింది. ఇయ్యాల వదిలేసి పొండి, రేపు చేస్తా."

నాన్న మబ్బు వంక చూశాడు. దక్షిణాన నల్లగా అయింది. "భాయ్, తమ్ముడి కల్లంలో కాయ ఉంది. పట్టాలు మా డిక్కీలో ఉన్నయ్యి."

సాయిబుగారు ఇంకేం అడగలేదు. బానెట్ ఎత్తి, గేర్ బాక్స్ దగ్గర కేబుల్ చివర ఉన్న నట్టు వదులు చేశారు. పెడల్ దగ్గరికొచ్చి మళ్లీ చేత్తో నొక్కి, ఇంకో రెండు చుట్లు వదిలారు. ఐదు నిమిషాల పని. "ఇది మందు కాదు, నొప్పి బిళ్ల. ఇప్పుడు ప్లేటు మీద స్ప్రింగు బలం మొత్తం పడుద్ది. ముప్పై నలభై కిలోమీటర్లు లాగిద్ది. ఆ తర్వాత నాది పూచీ లేదు. ఎడం కాలు మాత్రం ఒళ్లో పెట్టుకో అబ్బాయ్" అన్నారు. వంద రూపాయలిస్తే యాభై వెనక్కిచ్చారు.

పేట నుంచి పర్చూరు మీదుగా చీరాల పోయే రోడ్డు ఇది. రెండు పక్కలా నల్లరేగడి. మార్చి కాబట్టి పత్తి చేలల్లో మోళ్లే మిగిలాయి, అక్కడక్కడా తీయకుండా వదిలేసిన దూది పింజలు కంపలకి పట్టుకుని ఎగురుతున్నాయి. మిరప చేలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నేల నెర్రెలు బారి, ఆ నెర్రెల్లో నా చెయ్యి పట్టేలా ఉంది. ఈ మట్టి తత్వమే అంత. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగులుతుంది. ఈ రోడ్లు సాపుగా ఎప్పుడూ ఉండకపోవడానికి కాంట్రాక్టర్లు ఒక్కళ్లే కారణం కాదు.

మామూలు రోజుల్లో నేను ఈ రోడ్డు మీద పాటలు పెట్టుకుంటాను. ఆ రోజు నాన్న గొంతే వినపడింది. "ఎక్సలేటర్ కింద కోడిగుడ్డు ఉందనుకో. గేరు తగ్గించి పో, ఇంజన్‌ని ఈడ్పించమాక. ఆపకు, ఆపితే మళ్లీ ఎత్తేటప్పుడే కాల్తది. ముందున్న గేదెల్ని ఇక్కడి నుంచే చూసి స్లో చెయ్." ప్లేటు ఎంత బలాన్ని మోయగలదో అంతకు మించి ఇంజన్‌ని అడక్కపోతే జారదు. అంతే సూత్రం. నాన్న దాన్ని కోడిగుడ్డుతో చెప్పాడు, మా ప్రొఫెసర్ గ్రీకు అక్షరాలతో చెప్పారు.

దారిలో నాన్న ఒక పాత సంగతి చెప్పాడు. ఓసారి రాత్రిపూట పత్తి బేళ్ల లోడుతో ఒంగోలు దాటాక లారీ క్లచ్ రాడ్డు విరిగిపోయిందట. పెడల్ తొక్కితే చప్పగా లోపలికి పోయింది. ఆపితే తెల్లారేదాకా అక్కడే. అందుకని ఇంజను చప్పుడు వింటూ, స్పీడు కుదిరిన క్షణంలో క్లచ్ లేకుండానే గేరు లాగి గేరు వేసుకుంటూ తెల్లవారుజాముకి పేట చేర్చాడట. మధ్యలో ఆగాల్సి వచ్చినచోట ఇంజను ఆపేసి, ఫస్ట్ గేర్లో పెట్టి సెల్ఫు కొడితే లారీయే కదిలిందట. "అది విడిపోని జబ్బు, ఇది పట్టని జబ్బు. ఆ జబ్బుతో ఎంత దూరమైనా పోవచ్చు. దీంతో పోలేం" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లలో నాన్న ఉద్యోగం గురించి నేను పూర్తిగా విన్న మొదటి కథ అది. కారు డెబ్బైలో పోతుంటే మా మధ్య ఎప్పుడూ పాటలే ఉండేవి.

కల్లం చేరేసరికి నాలుగున్నర. గాలి లేచింది. బాబాయి, పిన్ని, కూలికొచ్చిన ఆడవాళ్లు నలుగురూ ఆరబోసిన కాయని కుప్ప చేస్తున్నారు. పదిహేను క్వింటాళ్ల దాకా ఉంటుంది. తాలుకాయ ఏరిపెట్టిన కుప్ప వేరే. కారు కల్లం అంచున ఆగీ ఆగకముందే బాబాయి డిక్కీ తీసి పట్టాలు లాగేశాడు. నేను ఒక కొస పట్టుకున్నాను. పట్టా గాల్లోకి లేచి నన్ను కూడా ఎత్తినంత పని చేసింది. "కొస మీద నిలబడరా, రాయి వెతకమాక, నువ్వే రాయివి!" అని అరిచాడు బాబాయి. మిరప దుమ్ముతో కళ్లు మండుతున్నాయి. మూడో పట్టా కప్పేసరికి చినుకులు. నాలుగోది విప్పుతుండగా వాన దబదబా వచ్చిపడింది.

అరగంటే కురిసింది. తూర్పు పక్క కుప్ప అంచు, ఓ క్వింటా దాకా తడిసింది. తడిసిన మిరపకాయ మళ్లీ ఆరినా ఆ రంగు రాదు. బూజు పడితే తాలులోకే పోతుంది. బాబాయి తడిసిన కాయ చేతిలోకి తీసుకుని నలిపి చూసి, "పోయిందానికేముందిలే, మిగతాది దక్కింది" అన్నాడు. ఏ గంటకి బయల్దేరారని అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది. నాన్న కూడా కొండవీడు మాట ఎత్తలేదు. రాత్రి అన్నంలో నేనే చెప్పాను. పిన్ని, "కోట బాగుందా?" అంది. అంతే.

ఆదివారం కారు కదల్లేదు. కల్లం నుంచి డొంకలోకి, డొంక నుంచి తారురోడ్డుకి పావు కిలోమీటరు రేగడి బురద. చెప్పుతో అడుగు వేస్తే చెప్పు కిందే ఉండిపోయి కాలు మాత్రం పైకొస్తుంది. మంచి క్లచ్ ఉన్నా అందులో దిగడం తెలివితక్కువ. చక్రం తిరక్కపోతే డ్రైవరు హాఫ్ క్లచ్ మీద రేజ్ చేస్తాడు, చేసిన ప్రతిసారీ ప్లేటు కాలుతుంది. సోమవారం పొద్దున నా ఆఫీసు మీటింగు కల్లంలో మంచం మీద జరిగింది. కెమెరా ఆన్ చెయ్యమంటే చేశాను. వెనకాల కుప్పలు చూసి మా బెంగళూరు మేనేజరు అది బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ అనుకున్నాడు.

పదింటికి పక్క చేలో మందు కొట్టే ట్రాక్టరు వచ్చి మమ్మల్ని లాగింది. ఆ కుర్రాడు క్లచ్ సగం తొక్కి ఆపడం చూసి, "నువ్వూ హాఫ్ క్లచ్చేనా?" అన్నాను, తోడు దొరికాడని. వాడు నవ్వాడు. "దీనికి రెండు క్లచ్‌లు అన్నా. సగం తొక్కితే చక్రాలు ఆగుతయ్యి, వెనకాల మందు పంపు తిరుగుతానే ఉంటది. మొత్తం తొక్కితే అదీ ఆగుద్ది. దీనికి సగం అనేది లెక్క ప్రకారమే." డ్యూయల్ క్లచ్ గురించి కూడా నేను పరీక్షలో రాశాను. ఎన్ని మార్కులొచ్చాయో చెప్పను.

కోడిగుడ్డు పద్ధతిలోనే మళ్లీ పేట చేరాం. ఈసారి షెడ్డులో కుర్చీ వేసుకుని మొత్తం చూశాను. గేర్ ఆయిల్ దించారు. బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్ మోటారు విప్పారు. ఇంజను కింద జాకీ పెట్టి, రెండు పక్కలా డ్రైవ్ షాఫ్టులు లాగి, గేర్ బాక్స్ బోల్టులు తీసి, ఇద్దరు కుర్రాళ్లు దాన్ని పసిపిల్లని దించినట్టు దించారు. ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఒక్కొక్కటీ పూర్తిగా విప్పకుండా, ఎదురెదురు బోల్టుల్ని కొంచెం కొంచెంగా వదులు చేశారు. ఒకేవైపు విప్పితే ప్లేటు వంకరపోతుందట.

తీసిన ప్లేటు సాయిబుగారు నా చేతిలో పెట్టారు. లైనింగు అరిగి రివెట్ల తలలతో సమానమైంది. అద్దంలా నున్నగా, నల్లగా ఉంది. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, అవి వేడికి పడ్డవి. ఆయన వెనకాల వేలు పెట్టి చూసి, "ఆయిల్ సీలు పొడిగానే ఉంది. కొందరికి ఆయిల్ కారి ప్లేటు జారుద్ది. అప్పుడు ప్లేటు మార్చి సీలు మార్చకపోతే నెలకి మళ్లీ వస్తారు. నీకా సాకు లేదు" అన్నారు. తర్వాత ప్రెషర్ ప్లేటు వేళ్ల మీద చుట్టూ మెరుస్తున్న గీత చూపించారు. రిలీజ్ బేరింగు ఆనీ ఆనీ వేళ్లు తరుక్కుపోయాయి.

"ఇది ఒక్క కొండతో వచ్చింది కాదబ్బాయ్. ఇది రెండేళ్ల పని. పెడల్ మీద కాలు పెట్టి నిద్రపోతావా నువ్వు?"

నాన్న బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు. ఆయన బీడీ మానేసి ఎనిమిదేళ్లయింది.

సామాను షాపు నుంచి కొత్త సెట్టు వచ్చేదాకా పని లేదు. ఫోన్లో లైనింగుల సంగతి చదువుతూ కూర్చున్నాను. మోటారు బళ్ల తొలిరోజుల్లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన పత్తి నేత పట్టీకి జిగురు పట్టించి బ్రేకు లైనింగులు చేశాడట. మరీ వేడెక్కితే పత్తి మాడిపోతుందని తర్వాత ఆస్బెస్టాస్‌కి మారారు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తెలిశాక ఇప్పుడు అదీ మానేస్తున్నారు. ఇది చదివి వినిపిస్తే సాయిబుగారు, "పత్తితోనా? మన పేటలోనే చేసేవాళ్లం కదయ్యా!" అన్నారు. ఆయన లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వలేదు, తడిగుడ్డతో తుడిపించారు. మూతికి రుమాలు కట్టుకోమని కుర్రాళ్లని తిట్టారు కూడా.

సెట్టు అంటే మూడు: ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు. ప్లేటు ఒక్కటే మార్చి డబ్బులు మిగుల్చుకుందామనే వాళ్లుంటారు. గేర్ బాక్స్ దించే కూలీ మళ్లీ ఇచ్చుకోవాలని తర్వాత తెలుస్తుంది. ఫ్లైవీలుని ఎమెరీ కాగితంతో రుద్దారు. ప్లేటుకి ఫ్లైవీలు వైపు ఏదో చూసుకుని పెట్టారు, తిప్పి పెడితే మొత్తం మళ్లీ విప్పాలి. నడిమధ్యకి రావడానికి పాత గేర్ బాక్స్ షాఫ్టు ముక్క ఒకటి దూర్చి పట్టుకున్నారు. అదే ఆయన పనిముట్టు, లారీ రోజుల నుంచీ అలాంటివి బళ్ల రకానికొకటి గోడకి వేలాడుతున్నాయి. షాఫ్టు పళ్లకి గ్రీజు వేలికొసంత రాశారు, ఎక్కువైతే చిమ్మి లైనింగు మీద పడుతుంది. కొత్త కేబులు కూడా వేసి, పెడల్‌ని మళ్లీ చేత్తోనే నొక్కి చూసి నట్టు బిగించారు. సెట్టు రూ.3,400, కేబుల్ రూ.350, కూలి రూ.1,800. శనివారం నాటి యాభై అందులో కలిపారో లేదో అడగలేదు.

సాయంత్రం ఐదుకి బండి బయటికొచ్చింది. "ఓ ఐదొందల కిలోమీటర్లు మెత్తగా తోలు, కొత్త ప్లేటు కుదురుకోవాలి" అన్నారు. నేను డ్రైవరు తలుపు తియ్యబోయాను. నాన్న అప్పటికే అటు నుంచి వచ్చి నిలబడ్డాడు.

"ఓ చుట్టు తోల్తా. తాళం ఇటివ్వు."

మోకాలు అని నేను అనలేదు. సీటు వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. షెడ్డు ముందు రోడ్డు మీద ఫస్ట్, సెకండ్, థర్డ్. గేరు పడుతున్నట్టు కూడా తెలియలేదు నాకు. గేరు వేసిన ప్రతిసారీ ఎడమ కాలు పెడల్ మీద నుంచి లేచి పక్కన నేల మీద ఆనుకుంటోంది. రెండేళ్లుగా ఆ చోట నేను వాటర్ బాటిల్ పెట్టుకుంటున్నాను. సందు చివర తిప్పి వెనక్కి తీసుకొచ్చి ఆపి, మోకాలు నిమురుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాడు.

"మెత్తగా ఉందిరా. లారీలకి ఇట్టాంటిది ఇచ్చుంటేనా..." అని, "దిగు, నువ్వు తోలు. యడ్లపాడు దగ్గర ఆపమాక" అన్నాడు.

గుంటూరు చేరేలోపు బాబాయి ఫోను చేశాడు. మళ్లీ ఎండ కాసిందట, తడిసిన కాయని విడిగా పలచగా ఆరబోశారట, వారంలో టిక్కీలు కడతారట. "పట్టాల డబ్బులు ఎంతయ్యింది?" అన్నాడు. నేను స్పీకర్ ఆఫ్ చేసి నాన్న చేతికిచ్చాను. ముందు మిర్చి ట్రాక్టర్ల వరస, బండి ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్ చేసి, కాలు తీసి పక్కన పెట్టుకున్నాను. నాన్న ఫోన్లో మాట్లాడుతూనే ఓసారి కిందకి చూశాడు.